ఏడుపొచ్చినప్పుడు ఏ భాష వస్తుందో అదే మన భాష

తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగువారికి పండుగ, మనకు పండుం. ఈ పోలికలు చూసి కోయ అంటే తెలుగు యాసే అనుకునేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. తెలుగు, గోండి, కోయ, కువి ఒకే ద్రావిడ కుటుంబంలోని అక్కచెల్లెళ్లు. 2011 జనాభా లెక్కల్లో సుమారు 4 లక్షల మంది కోయను మాతృభాషగా చెప్పుకున్నారు.

దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1876లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి ఇంగ్లీషు పత్రికలో రాశాడు. 1969లో స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ వ్యాకరణం అచ్చువేశాడు. వాళ్లు బయటివాళ్లు. మనవాళ్లు చరిత్రను డోలి మీద, వేల్పుల పడిగెల మీద దాచుకున్నారు. ఆ కథలు పాడిన మణుగూరు మండలం కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

అదే 1876లో, కాకసస్ కొండల దగ్గర, రష్యా జార్ పాలనలో ఉన్న జార్జియాలో యాకోబ్ గోగెబాష్విలి అనే ఉపాధ్యాయుడు పిల్లలకు ఒక వాచకం తెచ్చాడు. దాని పేరు ‘దెదా ఎనా’, అంటే తల్లి భాష. నూట రెండేళ్ల తర్వాత, సోవియట్ కాలంలో, రాజ్యాంగం నుంచి జార్జియన్‌కున్న అధికార భాష హోదా తీసేయబోయారు. 1978 ఏప్రిల్ 14న త్బిలిసి వీధుల్లోకి వేలమంది వచ్చారు. వాళ్లలో విద్యార్థులే ఎక్కువ. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఎందుకంత పట్టుదల? వాళ్లకు ‘గెనాత్స్వాలే’ అని ఒక ముద్దు మాట ఉంది. నీకు వచ్చే కష్టం నీ బదులు నాకు రానీ అని దాని భావం. మన అవ్వలు దిష్టి తీసి వేళ్లు విరిచేది ఇందుకే కదా! ఇలాంటి మాట పోతే దాని వెనకున్న ప్రేమను ఇంకో భాషలో చెప్పడం కష్టం.

ఈ సంగతి మాకు హాస్టల్లో ఆలస్యంగా తెలిసింది. చదువులో వెనకబడతారని భయపడి, పిల్లలను తెలుగులోనే మాట్లాడమని మేమే చాలాకాలం చెప్పాం. పగలంతా వాళ్లు “బాగున్నాం మేడం” అనేవాళ్లు. రాత్రి ఫోన్లో అమ్మ గొంతు వినగానే కోయలో ఏడ్చేవాళ్లు. వాళ్ల బాధ ఏమిటో మాకు అప్పుడే తెలిసేది. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాం. మా తప్పు ఒప్పుకుంటున్నాం.

జార్జియాకు సొంత లిపి ఉంది, సొంత దేశం ఉంది. మనకు అవి లేవు. కోయ ఎనిమిదో షెడ్యూల్లో కూడా లేదు. 2014లో కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఒకే భాష మాట్లాడే చుట్టాలు రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. అయినా దారి మూసుకుపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2004 ప్రాంతంలో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. వాటిలో కోయ ఒకటి, తెలుగు లిపిలోనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తెలుగు, ఇంగ్లీషు బాగా నేర్చుకోండి. ఉద్యోగానికి అవి కావాలి. ఈ సెలవుల్లో మాత్రం అవ్వ దగ్గర కూర్చుని ఒక్క పాట ఫోన్లో రికార్డు చేయండి. అర్థం తెలియని మాట వస్తే ఆమెనే అడిగి రాసుకోండి. రేపు మీ పిల్లలు అడిగితే చెప్పడానికి మనమే ఉండాలి.