ముంపునకు తాళిన వరి



రాజుల జయాపజయములే చరిత్రమని మనము తలంచుచుందుము. విత్తనములకును చరిత్రము కలదు. అట్టిదొకటి నేడు మీకు విన్నవించెదను.

వరి నీటి పైరే యైనను, నిలువున మునిగినచో చిరకాలము బ్రతుకదు. వరద తీసిన పిమ్మట పసుపువారి నేలకొరగిన మడిని చూచి కంట తడిపెట్టని రైతు డెల్టా భూములలో నుండడు. ఈ నాశమునకు నీరొక్కటియే కారణము గాదు. పైరు తాను చేసికొను దుర్వ్యయమును గూడ కారణమే. అదెట్లన:

ప్రతి మొక్కయు ఇథిలీన్ అను వాయువును కొలదిగా పుట్టించుచుండును. గాలిలో నది చెదరిపోవును. నీటిలో వాయువులు గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును గనుక, మునిగిన మొక్కలో నది పేరుకొనును. మునిగితినను వార్త మొక్కకు దానివలననే తెలియును. అంతట సామాన్యమైన వరి, పెరుగుదలను ప్రేరేపించు జిబ్బరెల్లిన్ అను ద్రవ్యము ప్రబలించుటచే, తల పైకెత్తవలెనని ఆకులను సాగదీయును. ఆ ప్రయత్నమున దాచుకొన్న పిండియు చక్కెరయు కరగిపోవును. నీరు తీయునప్పటికి మరల చిగిర్చు శక్తి మిగులదు.

ఒడిషాలో ధల్‌పుట్టియా అను నాటువరి యుండెడిది. దానినుండి ఏరి తీసిన వంగడమునకు ఎఫ్.ఆర్. 13ఎ అని పేరు. దిగుబడి స్వల్పమే, కాని యది రమారమి రెండు వారములు మునిగియు బ్రతుకగలదు. 1960లో ఫిలిప్పీన్స్ దేశమున నెలకొల్పబడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు అనేక రకములను నీట ముంచి పరీక్షించి, దీని గుణమును గుర్తించిరి. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మ్యాకిల్ అను పండితులు ఆ గుణము వరియొక్క 9వ క్రోమోసోమునందున్నదని చూపిరి. 2006లో వారును, పమేలా రోనాల్డ్ మొదలగువారును దానికి మూలమైన సబ్1ఎ అను జన్యువును ప్రకటించిరి.

ఇథిలీన్ పేరుకొనగానే ఈ జన్యువు మేల్కొనును. దాని యాజ్ఞచే జిబ్బరెల్లిన్‌ను అడ్డగించు మాంసకృత్తులు హెచ్చును, సాగుట నిలిచిపోవును. కోట ముట్టడింపబడినప్పుడు తలుపులు మూసి ధాన్యము పొదుపు చేసికొను దుర్గాధిపతివలె మొక్క యణగియుండి, వరద తీయగానే మిగిలిన శక్తితో చిగిర్చును.

అణగియుండుటయే సర్వత్ర ధర్మమని తలంపరాదు. నెలల తరబడి లోతునీరు నిలుచు తావులలో పండు వరి మిక్కిలి పొడవుగా సాగి బ్రతుకును. అట్లు సాగించు జన్యువులను 2009లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అవియును సబ్1ఎ కుటుంబములోనివే! ఒకే కుటుంబము; రెండు నీతులు. వచ్చిపోవు వరదకొకటి, నిలుచు నీటికొకటి.

ఇక మన సంబంధము. పశ్చిమగోదావరి మండలమందలి మారుటేరు పరిశోధన స్థానమున పుట్టి 1982లో విడుదలయైన స్వర్ణ వరి, ఒడిషా, బెంగాలు దేశములవరకు వ్యాపించినది. దిగుబడికి మేటి, ముంపునకు ఓర్వదు. దానిని ఎఫ్.ఆర్. 13ఎ సంతతితో సంకరము చేసి, మరల మరల స్వర్ణతోనే కలిపి, సబ్1 గుణము దిగిన మొక్కలను అణుచిహ్నములచే ఏరి, స్వర్ణ–సబ్1 అను వంగడమును సిద్ధపరచిరి. 2009లో నది మన దేశమున విడుదలయైనది. దానికిని మేర కలదు: ముంపు రెండు వారములు మించినను, సగమెత్తు నీరు చిరకాలము నిలిచినను అది తాళజాలదు.

పెద్దలారా! దిగుబడి చాలదని ధల్‌పుట్టియాను అందరును విడిచియుండినచో, ఈ జన్యువు మనకు దక్కెడిదా? మీ యూళ్లలో చౌడునకు, బెట్టకు, ముంపునకు ఓర్చిన పాత వంగడముల పేర్లును గుణములును మీకే తెలియును. గింజ మిగిలియున్నచో పరిశోధన స్థానమున కందజేయుడు. లేనిచో దాని కథనైనను పిన్నలకు చెప్పుడు. గాదెలో నొక మూల పడియున్న గింజయే రేపటి వరదలో నొక కుటుంబమునకు అన్నము కావచ్చును.