బెల్జియం ఇంటిపని చెక్కు: గంట ఖరీదు ఎవరు కట్టారు?

మన సంఘాల్లో ఇళ్ల పనికి పోయే అక్కలు చాలామందే ఉన్నారు. జీతం నోటిమాట మీద నడుస్తుంది. జ్వరమొచ్చి నాలుగు రోజులు మానేస్తే కోత. ఐరోపాలోని బెల్జియంలో కూడా ఈ పని చాలావరకు ఏ లెక్కలోనూ ఎక్కని చేతిడబ్బు పనిగానే ఉండేది. దాన్ని ఉద్యోగంగా మార్చడానికి అక్కడి ప్రభుత్వం పట్టిన దారిలో మంచీ ఉంది, చిక్కూ ఉంది.

మొదట 1987లో స్థానిక ఉపాధి ఏజెన్సీలు పెట్టారు. నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లు వాటి ద్వారా కొన్ని గంటలు పనిచేసి, భృతి మీద కొంచెం అదనంగా తెచ్చుకునేవారు. అది మామూలు ఉద్యోగం కాదు. తర్వాత 2001లో చట్టం చేసి, 2004 నుంచి 'సేవా చెక్కు' నడిపించారు. ఇంటివాళ్లు గంటకు ఒకటి చొప్పున చెక్కులు ముందే కొనుక్కుంటారు. తుడవడం, బట్టలు ఉతకడం, ఇస్త్రీ, వంట, సరుకులు తేవడం లాంటి పనులకే అవి చెల్లుతాయి. పనిచేసినామె చెక్కును తన సంస్థకు ఇస్తుంది. సంస్థ దాన్ని మార్చుకున్నప్పుడు, ఇంటివాళ్లు కట్టిన డబ్బుకు ప్రభుత్వం మిగతాది కలిపి ఇస్తుంది. అంటే ఆమెకు యజమాని ఇంటావిడ కాదు, సంస్థ. జీతంతో పాటు సెలవులు, జబ్బు భృతి, ప్రమాద బీమా, పింఛను హక్కు వచ్చాయి. కొన్నేళ్లకే లక్షమందికి పైగా చేరారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇది చిన్న విషయం కాదు.

చిక్కంతా ధర దగ్గర వచ్చింది. 2009లో చెక్కు 7.50 యూరోలు. ఆదాయపు పన్నులో 30 శాతం తగ్గింపు పోను ఇంటివాళ్లకు పడేది 5.25. సంస్థ చేతికి వెళ్లేది మాత్రం 20 యూరోలు దాటేది. తేడా ఖజానాది. నిరుద్యోగ భృతి మిగిలింది, పన్నులూ సామాజిక భద్రత చందాలూ కొంత తిరిగొచ్చాయి, కానీ గుంట పూర్తిగా పూడలేదు. అక్కడ ధరలు పెరిగితే జీతాలు వాటంతటవే పెరుగుతాయి. చెక్కు ధర అప్పట్లో అలా ఉండేది కాదు, ప్రభుత్వం తలచుకోవాల్సి వచ్చేది. 2013లో 8.50, 2014లో 9 చేశారు. ఆ ఏడాదే బాధ్యత ఫ్లాండర్స్, వాలోనియా, బ్రస్సెల్స్ ప్రాంతాలకు పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు 9 దగ్గరే ఆగింది. రెండు జీతాల కుటుంబానికీ, ఒంటరి ముసలమ్మకీ అదే ధర. మాకు ఇది న్యాయంగా అనిపించదు.

డబ్బు బిగిసినప్పుడు ఆ బరువు సంస్థల మీదుగా పనిచేసే ఆమె దాకా వచ్చింది. చెక్కు కొలిచేది ఇంట్లో చేసిన గంటనే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బస్సులో పోయే టైముకు చెక్కు లేదు. రోజంతా వంగి తుడిస్తే నడుము, భుజాలు, మోకాళ్లు అరిగిపోతాయి. అందుకే పూర్తి రోజు చేసేవాళ్లు తక్కువ. సగం పనికి సగం జీతం, రేపటి పింఛనూ అంతే.

మన సమాఖ్య ఎప్పుడైనా ఇంటిపని సేవ మొదలుపెడితే, గంట రేటు రాసే రోజునే దారి టైమూ, బస్సు చార్జీ, జబ్బు రోజులూ పుస్తకంలో ఎక్కించాలి. తగ్గింపు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో కూడా ఆ రోజే తీర్మానం రాసుకోవాలి.