దుగరాజపట్టణము, సూళ్లూరుపేట : ప్రళయకావేరి తీరమున పాలనాచరిత్ర

నెల్లూరు మండలమునకు దక్షిణమున, శ్రీహరికోట దీవికిని పడమటి మెట్టభూములకును నడుమ పరచుకొనియున్న ఉప్పుకయ్యను మన పూర్వులు ప్రళయకావేరి యనిరి. దక్షిణముననున్న పళవేర్కాడను ఊరి పేరును పాశ్చాత్యులు పులికాట్ అని మార్చి పలికి, దానినే సరస్సునకు పెట్టిరి. కాళంగి, ఆరణి నదులు దీనిలో గలియును. దీని విస్తృతిలో హెచ్చుభాగము ఆంధ్రదేశమునకును, దక్షిణపు కొన తమిళనాడునకును చెందియున్నవి. ఈ తీరమున పాలనాకేంద్రములుగా పేరొందిన స్థలములు రెండు. ఒకటి ఉత్తరపు కొనయందు సముద్రము నంటియున్న దుగరాజపట్టణము, రెండవది పడమటి దిక్కున కాళంగి యొడ్డునగల సూళ్లూరుపేట. మొదటిదాని ప్రాభవము పదునాలుగేండ్లకే ముగిసినది. రెండవది నేటికిని పెరుగుచున్నది. ఈ భేదమునకు హేతువేమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

దుగరాజు అను మాట ప్రాచీన శాసనములలో యువరాజార్థమున గానవచ్చును. ఈ పట్టణనామము అంత ప్రాచీనమని మేము వాదింపము. మాట తెలుగుదని మాత్రమే మా తాత్పర్యము. ఆంగ్లేయుల కాగితములలో ఇది ఆర్మగాన్ అయినది. తమకు తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేరు మీదుగా వారట్లు పిలిచిరని ఐతిహ్యము.

ఆంగ్లేయు లిచటికి వచ్చుటకు డచ్చివారే కారకులు. డచ్చివారు 1610లో ప్రళయకావేరి పట్టణమున అనుమతి పొంది, 1613 నాటికి గెల్డ్రియా కోటను నిలిపిరి. 1619 నాటి ఒడంబడికను బట్టి ఆంగ్లేయులు 1621లో అచట వర్తకమున భాగము పొందిరి గాని, పొత్తు కుదురలేదు, 1623లో తొలగిపోయిరి. మచిలీపట్టణమున వారికి 1611 నుండియు కోఠీ యున్నను, గోలకొండ అధికారుల సుంకములు, ఒత్తిడులు వారికి మితిమీరినవిగా తోచెను. ఇరువురికిని దూరముగా, విజయనగర ప్రభుత్వపు తుది రాజుల ఏలుబడిలో, స్థానిక నాయకుని అనుమతితో 1626లో దుగరాజపట్టణమున కోఠీ నెలకొల్పిరి. 1628 నాటికి అందు 12 ఫిరంగులును, వర్తకులు సైనికులు కలిసి 23 మందియు నుండిరి. కోరమండల తీరమున ఆంగ్లేయులు కోట కట్టుకొనిన తొలితావు ఇదియే.

ఇచట చరిత్రకారులు తరచుగా దాటిపోవు విషయ మొకటి కలదు. 1628లో మచిలీపట్టణపు ఆంగ్లేయులు కోఠీని విడిచి, తమ పెద్దలతోసహా దుగరాజపట్టణమునకు చేరిరి. 1630లో తిరిగి పోయిరి. అనగా రమారమి రెండేండ్లు తూర్పుతీరమునందలి ఆంగ్లేయ వర్తకవ్యవహారమున కెల్ల ఈ చిన్న పల్లెయే కేంద్రమైనది. అటు పిమ్మట గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో బంగరు ఫర్మానా నీయగా మచిలీపట్టణపు స్థితి చక్కబడెను. దుగరాజపట్టణము రెండవ వరుసకు దిగెను. పై పాలన మాత్రము తీరమున నుండలేదు. ఈ కోఠీలు మొదట జావాద్వీపమునందలి బంటమునకు లోబడియుండి, నడుమ కొలదికాలము సూరతునకు లోబడి, మరల బంటము క్రిందికి పోయినవి. ఉత్తరము పోయి ప్రత్యుత్తరము వచ్చుటకు నెలలు పట్టు రోజులలో, తీరమునందలి అధికారి తానే నిర్ణయించి, పిదప సంజాయిషీ చెప్పుకొనుట వాడుక అయినది. చెన్నపట్టణ స్థాపనకు ఈ వాడుకయే దారితీసెను.

దుగరాజపట్టణపు కోఠీకి పెద్దయైన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణమున వెదకి, దామెర్ల వెంకటాద్రి నాయకుని వలన మద్రాసపట్టణమున కోట కట్టుకొను హక్కును సంపాదించెను. నాయకుని తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్టణ మేర్పడినది. 1640 ఫిబ్రవరిలో డే, కోగన్ అను వారు బలగముతో నచటికి చేరిరి. దుగరాజపట్టణపు కోట పాడువడెను. మారుటకు వారు చెప్పిన కారణములలో ముఖ్యమైనది బట్టల వెల: క్రొత్తచోట నూలుబట్ట నూటికి ఇరువది పాళ్లు చౌక యని వారి వాదము.

ఈ వాదమును అక్షరశః గ్రహింపరాదని మా అభిప్రాయము. కోఠీని తరలింపదలచిన అధికారి పైవారికి లాభమునే చూపును గదా. రేవు దోషమే కారణమందుమా, మద్రాసు తీరమున ఆ కాలమున రేవే లేదు. నావలు దూరమున లంగరు వేయ, మసూలా పడవలే శరణ్యము. దుగరాజపట్టణమున మునిగిన ఇసుకమేట లోపలివైపున ఓడలకు కొంత ఆశ్రయముండెను. దీనినే పందొమ్మిదవ శతాబ్దమున బ్లాక్‌వుడ్ రేవు అనిరి. కావున లోపము నీటియందు కాక నేలయందుండెను. ఊరి వెనుక సరస్సు, దాని కావల చవిటినేల. సాలెల మగ్గములకును కోఠీకిని నడుమ ఉప్పునీటి అడ్డు. దక్షిణమున కొలదిదూరమునందే డచ్చివారి కోట. ఇంతకు మించి, స్థానిక నాయకుడు కోటకు భూమి నిచ్చినను పాలనాధికారము నిచ్చినవాడు కాడు. మద్రాసున వెంకటాద్రి నాయకుడు సుంకములో సగము తనకుంచుకొని, ఊరి పాలనను వారికే అప్పగించెను. వర్తకులకు ఊరేలు అధికారము దక్కినచోటనే పట్టణము పెరిగెనని మేము తలంతుము.

డే వెంట పోయినవారిలో తెలుగువారుండుట గమనింపదగినది. దుబాసీగా పేరొందిన బేరి తిమ్మన్నయు, మందుగుండు తయారుచేసిన నాగభట్టును చెన్నపట్టణపు తొలి నివాసులుగా పరిగణింపబడుచున్నారు. చెన్నకేశవస్వామి కోవెలకు నాగభట్టు 1646లోను, తిమ్మన్న 1648లోను దానము లిచ్చిరి. చెన్నపట్టణ చరిత్రను చదువు మన విద్యార్థులు ఆ దానపత్రములతో మొదలిడుట మేలు.

తరువాతి నూటయేబది యేండ్లు ఈ తీరమునకు ప్రభువులు మారిరే కాని పట్టణము లేర్పడలేదు. 1801 నాటి సంధితో కర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీ వశమైనది. నెల్లూరు జిల్లా యయినది. 1802లో వెంకటగిరి జమీందారులకు శాశ్వత పద్ధతిని సనదు లభించినది. సరస్సు పడమటి ప్రాంతమంతయు ఆ జమీలో పోలూరు తాలూకా క్రిందికి రాగా, దానికి కచ్చేరి సూళ్లూరుపేట యందుండెను. తాలూకా పేరొక ఊరిది, కచ్చేరి వేరొక ఊరిది! తరువాత పేరు సూళ్లూరుపేటయే యైనది. చెంగాళమ్మ గుడి యున్న ఊరు, ఏటి రేవు, దక్షిణోత్తరముల పోవు బాట, ఈ మూడును కచ్చేరి కనువైనవి. శ్రీహరికోట దీవి విషయము వేరు. 1835లో ప్రభుత్వమే దానిని గైకొని, తేనె, దుంపలు, మూలికలు మొదలగువానిని యానాదులచే సేకరింపించి ప్రతిగా ధాన్యము, వస్త్రము నిచ్చుచుండెను. దొరతనమువారు దీనిని నాగరకత నేర్పుట యనిరి. అడవి సరకు ప్రభుత్వపు గుత్తయగుట దానిలోనే యిమిడియున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున బాట మూడుమారులు మారెను. 1806లో మద్రాసు నుండి ఎన్నూరునకు త్రవ్వ మొదలుపెట్టిన కాలువ క్రమముగా ఉత్తరమునకు సాగి సరస్సు గుండా పోయెను. 1876-78 నాటి ధాతుకరువున కూలి పనులు కల్పించుటకు దానిని విస్తరించి, అప్పటి గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ యనిరి. కట్టెలు, ఉప్పు, ధాన్యము పడవలపై మద్రాసునకు పోయెను. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ రైలు పూర్తికాగా కాలువ పని తగ్గుట మొదలైనది. రైలు సూళ్లూరుపేట గుండా పోయినది. దుగరాజపట్టణమున కది దక్కలేదు.

1948 నాటి చట్టముచే జమీ రద్దయినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడ, సరస్సు రెండు రాష్ట్రముల పాలయ్యెను. పటాస్కరు నిర్ణయమును బట్టి 1960లో ఎల్లలు సవరింపబడి, పొన్నేరి తాలూకాలోని కొన్ని గ్రామములు ఆంధ్రమునకు వచ్చినవి. కాగితముపై గీత గీయుట సులభము; నీటిమీద వల వేయువానికి ఆ గీత కానరాదు. చేపలకును రొయ్యలకును ఎల్ల లేదు కావున, ఇరుప్రక్కల పల్లెకారులకు తగవులు కలుగుచునే యున్నవి. సరస్సు దక్షిణభాగమున కులపెద్దలు వంతుల వారీగా వేటతావులు పంచు పాడు పద్ధతి యొకటి గలదు. రాష్ట్రముల కంటె ప్రాచీనమైన ఇట్టి కట్టుబాట్లను మన పాలనాచరిత్రలు ఒక వాక్యముతో దాటిపోవుట విచారకరము.

1969లో శ్రీహరికోటను రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్టు ఎగసినది. దీవిలోని యానాదులు పెక్కురు తరలింపబడిరి. కేంద్రమునకు పోవు బాట సూళ్లూరుపేట నుండి సరస్సును చీల్చుకొని పోవును. ఊరు నాటినుండి ఉద్యోగుల పట్టణమైనది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లా ఏర్పడినపుడు సూళ్లూరుపేట రెవెన్యూ డివిజనునకు కేంద్రమై, నెల్లూరు జిల్లాతో రెండువందల యేండ్లకు పైబడిన సంబంధము తెగినది.

దుగరాజపట్టణము పేరు 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టములో కానవచ్చును. ఆ చట్టపు పదుమూడవ అనుబంధము ఇచట పెద్ద ఓడరేవును నిర్మించి తొలిదశను 2018 చివరకు ముగింపవలెనని పేర్కొన్నది. ఊరి పేరును దుగ్గిరాజుపట్నమని వ్రాసినది. రాకెట్టు కేంద్రపు అభ్యంతరములును, సరస్సునందలి పక్షుల రక్షణయు, లాభనష్టముల లెక్కయు అడ్డుపడగా 2018 గడచెను, రేవు రాలేదు. తీరమున ఆర్మగాన్ పేర దీపస్తంభము మాత్రము ఇసుకమేటను తప్పించుకొనుమని ఓడలను హెచ్చరించుచున్నది.