స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉండాలి?

మన కంప్యూటర్ వాడకందారుల సంఘానికి పాతికేళ్లు నిజానికి 2024లోనే నిండాయి. ఆ దసరాకు రజతోత్సవం జరుపుకోవాలని హాలుకు అడ్వాన్సు కూడా కట్టాం. ఆ సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి బెజవాడలో అందరి లెక్కలతో పాటు మన లెక్కనూ తప్పించింది. అందుకే ఏడాది ఆలస్యంగా ఈ ప్రత్యేక సంచిక. చరిత్ర రాసే పని నాకు అప్పగిస్తూ కమిటీవారు ఒక్క షరతు పెట్టారు, దాతలను మాత్రం వదలొద్దని. వదలను. ముందు సంఘం పుట్టుక సంగతి చెప్పనివ్వండి.

1999 ఏప్రిల్ 26, సోమవారం. తైవాన్‌లో చెన్ ఇంగ్-హౌ అనే విద్యార్థి రాసి వదిలిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు ప్రపంచమంతటా ఒక్కసారిగా నిద్ర లేచింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో దానికి చెర్నోబిల్ వైరస్ అనే పేరు స్థిరపడింది. విండోస్ 95, 98 ఉన్న సిస్టాల్లో హార్డ్ డిస్కు మొదటి మెగాబైటును చెరిపేసేది. అంతటితో ఊరుకోకుండా కొన్ని మదర్‌బోర్డుల మీది బయాస్ చిప్పులోనూ చెత్త రాసేది. అలాంటి సిస్టం మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద చుక్క కూడా కనపడదు.

గవర్నరుపేట, సూర్యారావుపేటల్లోని డీటీపీ సెంటర్లకు అవి ఊపిరాడని రోజులు. ఒక పక్క గైడ్లు, మరో పక్క పెళ్లి శుభలేఖలు. పార్టీ అడ్వాన్సు ఇచ్చింది, మ్యాటరు సిస్టంలో ఉంది, సిస్టం లేవదు. మెకానిక్కుల దగ్గరికి వెళితే బోర్డు మార్చాలన్నారు. అప్పట్లో కొత్త బోర్డంటే చిన్న సెంటరుకు కొన్ని నెలల సంపాదన.

అప్పుడు దొరికారు మాస్టారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన మనిషి. తెల్ల లాల్చీ, జేబులో టెస్టరు. ఆయన చెప్పిన ఉపాయం వింటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అదే రకం బోర్డున్న మంచి సిస్టాన్ని డాస్‌లో ఆన్ చేయాలి. ఒకసారి లేచాక దానికి బయాస్ చిప్పుతో పనుండదు, కావలసిందంతా ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు నడుస్తుండగానే ఆ చిప్పును సాకెట్ నుంచి పైకి లాగి, చచ్చిన చిప్పును దాని స్థానంలో కూర్చోబెట్టి, ఫ్లాష్ ప్రోగ్రాం నడిపి, మళ్లీ రాయాలి. లాగడం కోసం చిప్పు కింద ముందుగానే దారం దూర్చి ఉంచారు. దారం కొసలు తాను పట్టుకోకుండా ఆ సిస్టం యజమానికే ఇచ్చారు.

"నా చెయ్యి వణుకుతోంది మాస్టారూ, మీరే లాగండి."

"చెయ్యి వణికితే వణకనివ్వండి. దారం మాత్రం నిటారుగా లాగండి. రేపు మీ పక్క షాపువాడికి ఎవరు చేస్తారు? నేనా?"

చిప్పు బతికింది. ఆ మర్నాడు పక్క షాపుకు ఆ యజమానే వెళ్లి చేసి వచ్చారు. మన సంఘం ఏకైక నియమం ఆ దారం దగ్గరే పుట్టింది. సిస్టం ఎవరిదో స్క్రూడ్రైవర్ వాళ్ల చేతిలోనే ఉండాలి. తెలిసినవాడు పక్కన కూర్చుని చెప్పాలి తప్ప చెయ్యి పెట్టకూడదు.

హార్డ్ డిస్కుల విషయంలోనూ అదృష్టం కొంత కలిసివచ్చింది. ఫ్యాట్32లో ఫైళ్ల చిరునామాల పట్టిక రెండు ప్రతులుగా ఉంటుంది. పెద్ద డిస్కుల్లో రెండో ప్రతి మొదటి మెగాబైటుకు అవతల ఉండటంతో చాలామంది మ్యాటరు తిరిగి వచ్చింది. ఆ ఏడు దసరానాడు ఒక ప్రెస్సు మేడ మీద పదిమంది కూర్చుని సంఘం పెట్టుకున్నారు. మాస్టారు ఆ రోజు 1975 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో మొదలైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు కథ చెప్పారు. స్టీవ్ వోజ్నియాక్ తన యాపిల్-1 సర్క్యూట్ బొమ్మను అక్కడ అందరికీ ఉచితంగా పంచిపెట్టాడని చెప్పి, "మనకు పంచడానికి బొమ్మలు లేవు. తిన్న ఎదురుదెబ్బలున్నాయి, అవే పంచుకుందాం" అన్నారు.

ఆ ఎదురుదెబ్బలను రాసిపెట్టిన మనిషి గురించి ఇక్కడే చెప్పాలి. ఆమెను మనమంతా అక్క అనే పిలుస్తాం. యాపిల్ కీబోర్డు లేఅవుట్‌లో చూడకుండా తెలుగు కొట్టే డీటీపీ ఆపరేటరు. పేజ్‌మేకర్‌లో దిద్దిన పుస్తకం వేరే షాపుకు పట్టుకెళ్లి తెరిస్తే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల కలగూరగంపగా మారిన రోజున మొదటిసారి మన దగ్గరికొచ్చారు. ఆ షాపులో అను ఫాంట్లు లేవు, అంతే సంగతి. కారణం తెలిశాక వెళ్లిపోలేదు. ఒక పొడుగాటి రెజిస్టరు కొనుక్కొచ్చి గీతలు కొట్టారు. తేదీ, ఫిర్యాదు, ఏమనుకున్నాం, తీరా ఏమైంది, ఖర్చు. ఆ మూడో గడినీ నాలుగో గడినీ వేరు చేయడంలోనే ఆమె తెలివంతా ఉంది. కొన్ని పద్దులు చూడండి.

తెర రావడం లేదు. బోర్డు పోయిందనుకున్నాం. ర్యామ్ కాళ్లకు చిలుము. పెన్సిల్ రబ్బరుతో రుద్దాం. ఖర్చు లేదు.

డాట్ మ్యాట్రిక్స్‌లో ప్రతి అక్షరం మధ్య తెల్ల గీత. రిబ్బన్ అనుకున్నాం. హెడ్డులో ఒక పిన్ను ఇరుక్కుంది.

ట్రేసింగ్ కాగితం మీద లేజర్ ప్రింటు గోకితే రాలుతోంది. టోనర్ నాసిరకం అనుకున్నాం. కాగితం మందానికి తగ్గట్టు వేడి పెట్టలేదు.

వాన పడితే నెట్టు పోతోంది. మోడెం మార్చాం, దండగ. స్తంభం దగ్గర జాయింటులో నీళ్లు.

ఇంటర్నెట్ కథ త్వరగా చెప్పేస్తాను. మోడెం కూతలు పెట్టే డయలప్ రోజుల్లో సంఘానికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఫోను బిల్లు మీదే. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అని ప్రభుత్వమే నిర్వచించిన కాలం. రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా డౌన్‌లోడుకు లెక్క లేదనగానే మన కుర్రాళ్లు అలారం పెట్టుకుని లేచేవారు. ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా తెప్పించుకుని పంచాం. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక యూనికోడ్‌లో తెలుగు రాయడం మామూలు మనిషికీ అందింది. అయితే అను ఫాంట్లలో కొట్టిన పాత పుస్తకాలు మాత్రం కన్వర్టర్ల దయాదాక్షిణ్యాల మీదే ఉండిపోయాయి. 2008 నుంచి 2019 దాకా రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆదివారం సమావేశాలు, ఏటా కార్తీక వనభోజనాలు, రెండుసార్లు అధ్యక్షుల మార్పు. 2021లో కోవిడ్ రెండో విడతలో మాస్టారు మనకు దూరమయ్యారు.

ఇక కృతజ్ఞతలు. దాతల పేర్లు వెనక అట్ట మీద పొల్లుపోకుండా అచ్చయ్యాయి. ఇక్కడ వారు చేసిన పనులు చెప్పుకుందాం. మేడ మీది గదిని అద్దె లేకుండా ఇచ్చిన ప్రెస్సు యజమాని, ఇనుప బీరువా ఇచ్చిన బంగారు కొట్టు వారు, స్టెబిలైజరు, ఇన్వర్టరు ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపు సోదరులు, పాత మానిటర్లు పంపిన ఆడిటరు గారు, ఏటా రెండు రీముల కాగితం పంపే పేపరు వ్యాపారి, వనభోజనాలకు పులిహోర వండించిన క్యాటరింగు వారు, కరపత్రాలు ఉచితంగా వేసిన ఆఫ్‌సెట్ మిత్రులు, అమెరికా నుంచి డబ్బు పంపిన పూర్వ సభ్యులు, గది ఊడ్చి మంచినీళ్లు పెట్టిన వాచ్‌మన్ దంపతులు. అందరికీ పేరుపేరునా నమస్కారం.

ఇక మొదట్లో చెప్పిన వరద దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. సిస్టం అనేది ఎప్పుడూ బల్ల కింద నేల మీదే ఉంటుంది కదా, మనిషి నడుము తడిసే లోపే అది మునిగిపోయింది. నీరు తీశాక బురద మిగిలింది.

సత్యనారాయణపురంలో ఒక సభ్యుడి మేడమీది రేకుల షెడ్డులో శిబిరం తెరిచాం. జనం సిస్టాలను స్కూటర్ల మీద, తోపుడు బళ్ల మీద తెచ్చారు. మెట్ల దగ్గరే అక్క అట్టముక్క మీద రాసి కట్టారు, "మీట నొక్కలేదు కదా?" అని. నొక్కి చూసిన సిస్టాల్లో చాలావాటిని కాపాడలేకపోయాం. తడి బోర్డులో కరెంటు పారితే నీరు చేయని చెడును అది చేస్తుంది.

ఇంతమందికి ఎవరు చేస్తారని మేం తల పట్టుకుంటే, అక్క బల్లలు వరసగా వేయించి ఒక్కొక్కరి చేతిలో ఒక స్క్రూడ్రైవర్ పెట్టారు. "ముందు యూపీఎస్ బ్యాటరీ వైరు పీకండి బాబాయ్. ఇప్పుడు ఆ రూపాయి బిళ్లంత సెల్లుంది చూశారా, అది తీయండి. అది ఉంటే బోర్డులో కరెంటు ఉన్నట్టే, చిలుము పడుతుంది." బురద గట్టిపడకముందే మంచినీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టించారు. ఎండలో పెట్టబోయిన వాళ్లను కేకలేశారు. హార్డ్ డిస్కుకు గాలి తీసుకునే చిన్న రంధ్రం ఉంటుంది. నీరు అందులోంచి లోపలికి పోయిందనిపిస్తే మూత విప్పనివ్వలేదు, ల్యాబుకు పంపమన్నారు. కూరగాయలమ్మే ఒకావిడ తన కొడుకు సిస్టాన్ని తానే విప్పి తానే కడిగింది. ఇంట్లో కాగితం సర్టిఫికెట్లన్నీ ముద్దయిపోయాయి. వాటి స్కాన్ కాపీలు ఆ డిస్కులోనే ఉన్నాయి. తెర వెలిగాక ఆమె మొదట వెతికింది పదో తరగతి మార్కుల మెమో.

మాస్టారి నియమం శాంతికాలపు సరదా అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. శిబిరంలో పనిచేసిన సభ్యులు ఇరవైమందికి మించరు. వచ్చినవాళ్ల చేతులు కూడా పనిలోకి రాకపోతే ఆ బురదను గెలిచేవాళ్లం కాదు.

సంబరాల సంచికలో ఈ మాట రాయొచ్చో లేదో తెలియదు, రాస్తున్నాను. శిబిరం ముగిశాక సన్మాన సభ జరిగింది. వేదిక మీద శాలువాలు చాలానే కప్పారు. అక్క ఆ రోజు వెనక వరసలో కూర్చుని సంతకాల పుస్తకం చూసుకుంటున్నారు. పాతికేళ్లలో ఏ కార్యవర్గంలోనూ ఆమె పేరు లేదు. ఈ సంచికకు తయారైన జాబితాలోనూ "కార్యాలయ సహకారం" కింద వేశారు. ఆ రెజిస్టర్లను టైపు చేయించి పుస్తకంగా వేద్దామని ఆమె అడిగినప్పుడల్లా నిధులు లేవన్నది కమిటీ. మెమెంటోలకు మాత్రం ఏనాడూ లోటు రాలేదు.

ఆ రెజిస్టర్లున్న బీరువా సింగ్‌నగర్‌లో కోశాధికారి ఇంటి కింది అంతస్తులో ఉండేది. అదీ మునిగింది. బాల్‌పెన్నుతో రాసిన పాత పుస్తకాలు ఉబ్బినా చదవడానికి వస్తున్నాయి. జెల్‌పెన్నుల కాలం నాటివి నీలం మరకలయ్యాయి. పోయిన పద్దుల్లో గుర్తున్నవాటిని అక్క మళ్లీ రాస్తున్నారు, ఈసారి యూనికోడ్‌లో. ఈలోగా ఆదివారాలు మన గది ఉచిత సర్వీస్ సెంటరుగా మారిపోయింది. సిస్టం దింపి "సాయంత్రం వస్తానండీ" అని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. చేసి పెట్టేస్తే త్వరగా అయిపోతుందని మనవాళ్లూ ఊరుకుంటున్నారు. ఇలాగే సాగితే ఇంకో వరద వచ్చిన రోజున మళ్లీ ఇరవై జతల చేతులే మిగులుతాయి.

రజతోత్సవ సభలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, మిగిలిన రెజిస్టర్లన్నీ వచ్చే దసరాలోగా టైపు చేయించి, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా సంఘం ఖర్చుతో ప్రచురించాలి. ఆ ఏడాది శాలువాలు, మెమెంటోలు ఉండవు. రెండు, ఆ పుస్తకం మీద రచయితగా అక్క పేరుండాలి, వ్యవస్థాపకుల జాబితాలో మాస్టారి పక్కన ఆమె పేరు చేరాలి. మూడు, యజమాని పక్కన లేకుండా ఏ సిస్టం మూతా విప్పకూడదు.

ప్రతిపాదిస్తున్నది నేను. బలపరిచేవారు చెయ్యెత్తండి.