వాడుకలో లేని క్లాసుల గుర్తింపు

కోడ్‌లో ఉండి కూడా ప్రోగ్రామ్ నడవడానికి ఏ సందర్భంలోనూ అక్కరకు రాని క్లాసులను పట్టుకోవడం చూడటానికి తేలిక. పేరు వెతికి, ఎక్కడా కనబడకపోతే తీసేస్తే సరి అనిపిస్తుంది. జావా లాంటి భాషల్లో ఈ పద్ధతి రెండు వైపులా మోసం చేస్తుంది. ఒకదాన్నొకటి వాడుకునే రెండు క్లాసులను బయటి కోడ్ ఏదీ ముట్టుకోకపోయినా, ఎడిటర్ రెండింటికీ వాడకం ఉందనే చూపుతుంది. టెస్టులు తప్ప ఇంకెవరూ పిలవని క్లాసుదీ అదే సంగతి. అందుకే మంచి పనిముట్లు వాడకాలను లెక్కపెట్టవు. మెయిన్ మెథడ్ వంటి ప్రవేశ స్థానాల నుంచి బయలుదేరి, చేరగలిగినవన్నీ గుర్తుపెట్టుకుంటూ పోయి, మిగిలినవాటిని పక్కకు తీస్తాయి. ప్రోగార్డ్, ఆండ్రాయిడ్‌లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్8 యాప్ పరిమాణాన్ని తగ్గించేది ఇలాగే.

అయినా ఆ మిగిలినవి అనుమానితులే తప్ప దోషులు కావు. రిఫ్లెక్షన్ ద్వారా క్లాసు పేరును మామూలు అక్షరాల వరుసగా కాన్ఫిగరేషన్ ఫైలు నుంచి చదివి, ప్రోగ్రామ్ నడుస్తుండగా లోడ్ చేయవచ్చు. కోడ్‌ను మాత్రమే చదివే పనిముట్టుకు ఆ దారి కనబడదు. ఆర్8కి ఫలానా క్లాసులు ఉంచమని ప్రోగ్రామర్ విడిగా నియమాలు రాయాల్సి రావడమే ఇందుకు సాక్ష్యం. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా దాని ప్రవర్తన గురించి తప్పకుండా తేల్చిచెప్పే పద్ధతి సాధ్యం కాదని హెన్రీ రైస్ 1953లోనే ప్రచురించిన పత్రంలో నిరూపించాడు. అలాగైతే నడిచే ప్రోగ్రామ్‌నే గమనిస్తే పోదా అనవచ్చు. జావాలో వెర్బోస్ క్లాస్ అనే ఆప్షన్ పెడితే లోడైన ప్రతి క్లాసు పేరూ బయటపడుతుంది. కానీ నెల రోజుల లాగ్‌లో లేనంత మాత్రాన, మార్చి 31న ఖాతాలు ముగించే క్లాసు పనికిరానిది కాదు. రెండు సాక్ష్యాలూ కలిసినప్పుడే తొలగింపుకు బలం.

ఇంత శ్రమ ఎందుకు, పడి ఉంటే నష్టమేమిటి అనేవారికి 2012 ఆగస్టు 1 నాటి నైట్ క్యాపిటల్ ఉదంతం జవాబు. ఆ సంస్థ 2003లోనే వాడకం మానేసిన ట్రేడింగ్ కోడ్‌ను తీసేయలేదు. దాని పాత ఫ్లాగ్‌నే కొత్త సదుపాయానికి వాడింది. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అక్కడ పాతది మేల్కొని, సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. డిప్లాయ్‌మెంట్ లోపమూ ఉంది, నిజమే. కానీ తీసేసిన కోడ్‌ను ఏ ఫ్లాగూ లేపలేదు. పొరపాటున తొలగిస్తే గిట్‌లో చరిత్ర ఉండనే ఉంది. బయటివారు వాడే లైబ్రరీలకు మాత్రం ఈ ధీమా చెల్లదు. వాళ్ల కోడ్ మనకు కనబడదు కాబట్టి, జావా 9 నుంచి ఉన్న వీలుతో ముందుగా తొలగింపు హెచ్చరిక పెట్టి, తర్వాతి వెర్షన్‌లోనే తీయాలి.