కప్ప నెత్తురులో మొదలైన చరిత్ర



హాస్టల్లో జ్వరమొస్తే మనకు మొదట చేసే పని ఏంటి? వేలు పొడిచి, గాజు పలక మీద చుక్క నెత్తురు పూసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. మలేరియా ఉందో లేదో అలా తేలుతుంది. ఇలా నెత్తురులో పరాన్నజీవిని వెతకడం మనిషి దగ్గర మొదలవలేదు. అంతకు ముందే కప్ప దగ్గర జరిగింది.

1843లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే డాక్టరు కప్ప నెత్తురులో మెలికలు తిరుగుతూ ఈదే ఒక జీవిని చూశాడు. వడ్రంగి బెజ్జం వేసే బరమాలా తిరుగుతోందని దానికి ట్రిపనోసోమా అని పేరు పెట్టాడు. గ్రీకులో బరమా లాంటి శరీరం అని అర్థం. కప్పకు దాంతో పెద్దగా హాని కనిపించలేదు. అందుకే చాలాకాలం అదొక వింతగానే మిగిలిపోయింది.

తర్వాత కథ మన దేశానికి వచ్చింది. 1878లో కలకత్తాలో తిమోతీ లూయిస్ ఎలుకల నెత్తురులో అలాంటి జీవులనే చూశాడు. 1880లో పంజాబ్ వైపు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెలు చిక్కిపోయి చచ్చిపోతుంటే, పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ వాటి నెత్తురు చూశాడు. అందులోనూ ట్రిపనోసోమా ఉంది. జబ్బుకు ఇదే కారణమని చెప్పాడు. పైఅధికారులు నమ్మలేదు. కప్పలో, ఎలుకలో ఏమీ చేయనిది గుర్రాన్ని ఎలా చంపుతుందని వాళ్ల అనుమానం. చివరికి ఎవాన్స్ మాటే నిజమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ జబ్బు పేరు సర్రా. దొరలు పెట్టిన పేరు కాదది, అక్కడి జనం ఎప్పటినుంచో అంటున్న మాట. మన ఊళ్లకు వచ్చే పశువుల డాక్టర్లు ఇప్పటికీ సర్రా అనే అంటారు. జోరీగలు కుట్టడం వల్ల పశువు నుంచి పశువుకు పాకుతుంది. పరాన్నజీవికి మాత్రం ఎవాన్స్ పేరు పెట్టారు. ఆఫ్రికాలోనూ ఇదే జరిగింది. అక్కడి పశువుల జబ్బును జులూలు నగానా అనేవారు. డేవిడ్ బ్రూస్ దాని కారణం కనిపెట్టాక పరాన్నజీవికి ఆయన పేరే వచ్చింది. అంటే జబ్బు పేరు జనానిది, పురుగు పేరు దొరది!

1901లో గాంబియాలో జ్వరపడ్డ మనిషి నెత్తురులో కూడా ట్రిపనోసోమాను గుర్తించారు. అదే అతినిద్ర జబ్బు. దాన్ని గుర్తించిన డటన్, తన సహచరుడు టాడ్‌తో కలిసి ఆ ప్రాంతపు కప్పల నెత్తురునూ వదలకుండా పరీక్షించాడు. 1903లో వాటిలోని కొత్త రకాలను వర్ణించారు. అదే కాలంలో ఉగాండాలో ఆ జబ్బుతో లక్షల మంది పోయారు. విక్టోరియా సరస్సు ఒడ్డున, దీవుల్లో ఉన్నవాళ్లను వలస ప్రభుత్వం ఖాళీ చేయించింది. రోగం ఆపడానికే అన్నారు. కానీ నేల, చేపల వేట పోగొట్టుకున్నది ఆ జనమే. ఈ మాట మనకు వేరే చెప్పక్కర్లేదు.

భయపడకండి, కప్పలోని ట్రిపనోసోమాలు మనకు అంటేవి కావు. నీళ్లలో జలగలు వాటిని కప్ప నుంచి కప్పకు మోస్తాయి. వానాకాలం గెడ్డల్లో, వాగుల్లో అరిచే కప్పల లోపల కూడా ఇలాంటి లోకం ఉండొచ్చు.

మనలో జంతుశాస్త్రం, పశువైద్యం, నర్సింగ్ చదివేవాళ్లు ఉన్నారు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. పశువు చిక్కిపోతే, మనిషికి వణుకు జ్వరమొస్తే మన భాషలో ఏమంటారో తాతలను, అవ్వలను అడుగుదాం. ఏ కప్ప ఏ కాలంలో వస్తుందో, దాని పేరేంటో రాసుకుందాం. సర్రా, నగానా అనే మాటలు ఎవరో రాసుకున్నారు కాబట్టే నిలిచాయి. మన మాటలు మనమే రాసుకోవాలి.

జై ఆదివాసీ!