సిరియం మీదుగా ఎగిరిన లిబరేటర్లు

మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. దానికి నది అవతల సిరియం, ఇప్పుడు తన్లిన్. అక్కడి బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీలో తెలుగు కూలీలుండేవారు. 1942 మార్చి 7న, జపానుకు దక్కకూడదని, పారిపోతూ బ్రిటిష్‌వాళ్ళే దాన్ని తగలబెట్టారు. సరిగ్గా నెలకి, ఏప్రిల్ 6న, విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ప్రాణాలరచేత పట్టుకుని ఇల్లు చేరినవాళ్ళకి ఇక్కడా అదే మోత!

తర్వాతి వంతు మిత్రపక్షాలది. నాలుగింజన్ల బి-24 లిబరేటర్లు బెంగాల్లోని దిగ్రి, సాల్బని, పాండవేశ్వర్‌ల నుంచి లేచి, రంగూన్ రేవుల మీద, రైలు యార్డుల మీద బాంబులు కురిపించేవి. కింద శత్రువుతో పాటు, తిరిగి రాలేక చిక్కుకున్న మనవాళ్ళూ ఉన్నారు. యుద్ధచరిత్రలు ఈ సంగతి దగ్గర తొందరగా పేజీ తిప్పేస్తాయి.

యుద్ధం ముగిశాక ఆ విమానాలను కాన్పూరులో పడేశారు, మళ్ళీ ఎగరకుండా పాడుచేసి మరీ. 1948లో బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివాళ్ళు ఆ తుక్కులోంచి ఏరి, ఒకదాని భాగాలు మరొకదానికి బిగించి, ఎగరగలిగేంత బాగుచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా బెంగుళూరు చేర్చాడు. అక్కడ పూర్తి మరమ్మత్తు. అలా నలభై దాకా మన వాయుసేనలో చేరి, 1968 వరకు పనిచేశాయి.

ఇవాళ ప్రపంచంలో మిగిలిన లిబరేటర్లలో కొన్ని ఇలా బతికినవే. ఒకటి 1974లో బ్రిటన్ వాయుసేన మ్యూజియానికి చేరింది. ఒకటి అమెరికాలో 1989లో మళ్ళీ ఎగిరింది. ఇంకొకటి అరిజోనాలో, టూసాన్ దగ్గర పైమా మ్యూజియంలో ఉంది.